క్రొయేషియన్ అడిగితే స్లావోనిక్ ఇచ్చినారు

దుబాసి పనిలోకి కొత్తగా దిగే పిల్లలు నా దగ్గరికొస్తే మొదట అడిగేది ఒకటే. "సార్, మీకు ఎన్ని భాషలు వచ్చు?"

గిరాకీ అడిగితే ఆరు. తోటి దుబాసి అడిగితే నాలుగు. మా ఇంటామె ఎదురుగా అడిగితే తెలుగు కూడా సరిగ్గా రాదు. వీటిలో ఏది నిజమో తేల్చుకోలేకనే రిటైరైపోయినాను.

ఆదోనిలో మొదలుపెట్టి ఎమ్మిగనూరు బస్టాండు పక్కన చిన్న గదిలో ముగించిన ఉద్యోగం నాది. ఒకరు చెప్పింది ఇంకొకరి భాషలో చెప్పడం, అంతే. ప్రమోషన్ల గురించి రాయను, ఎందుకంటే దుబాసికి ప్రమోషన్ ఉండదు. ఇద్దరూ కుర్చీల్లో కూర్చుంటే మనం నడుమ నిలబడతాం. ఇద్దరూ రాజీ అయితే మనల్ని మరచిపోతారు. ఇద్దరూ కొట్లాడుకుంటే మనల్ని గుర్తుపెట్టుకుంటారు.

ఈ పనిలో వ్యాకరణం కన్నా ముందు నేర్చుకోవలసింది ఒకటుంది. ప్రతి భాషలో ఇరుకు మాటలు, వెడల్పు మాటలు అని రెండు రకాలు. క్రొయేషియన్ ఇరుకు మాట. స్లావోనిక్ వెడల్పు మాట. ఈ రెండింటికీ తేడా తెలియక కోసిగిలో ఒక సంసారం ఎట్ల అల్లాడిపోయిందో చెప్తాను. అయితే ముందు మా అంగడి మెట్లు ఎక్కాలి మీరు.

మా నాయన అబద్ధం చెప్పేవాడు కాదు

మాది ఆదోని బజారులో బట్టల అంగడి. కుడి పక్క కిరాణా, ఎడమ పక్క ఇత్తడి సామాన్లు, ఎదురుగా అత్తరు సాయిబు. నాకు పలక పట్టక ముందే గజంబద్ద పట్టడం వచ్చు. పుట్టినప్పుడు మంత్రసానితో కూడా బేరం ఆడింటానని మా అవ్వ అనేది.

మా నాయన దుకాణంలో ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. మాటను వెడల్పు చేసేవాడు, అంతే.

"ఇది పట్టేనా శెట్టీ?" అని ఎవరైనా అడిగితే, "పట్టు జాతేనమ్మా!" అనేవాడు.

గిరాకీ చెవిలో 'పట్టు' పడేది. 'జాతి' అన్నది బయట రోడ్డు మీద పడి జట్కాబండి చక్రాల కింద నలిగిపోయేది. నూలేనా అంటే "నూలు మాదిరేనమ్మా" అనేవాడు. మాదిరి, జాతి, రకం, వంటిది. ఈ నాలుగు మాటలతో మా నాయన ముగ్గురు ఆడపిల్లల పెండ్లిండ్లు చేసినాడు.

ఒకసారి సి.బెళగల్ నుంచి ఒక ముసలామె వచ్చింది. చీరను వేళ్ళ నడుమ నలిపి చూసి, "జాతి వద్దులే శెట్టీ. పట్టే ఇయ్యి," అన్నది. మా నాయన లోపలి బీరువా తెరిచినాడు. ఆమె పోయినాక నా వైపు తిరిగి, "ఇట్లాంటోళ్ళు ఊరికొకరుంటే మనం అంగడి మూసుకోవల్ల," అన్నాడు.

నా చదువంతా ఆ ముసలామె మాటలోనే ఉంది. తర్వాత కాలేజీకి పోయినాను గానీ అది వేరే సంగతి. అక్కడ కూడా ఎక్కువగా వెడల్పు మాటలే చెప్పినారు.

నాళె కొడ్తీని

నా మొదటి కొలువు ఆదోని పత్తి మార్కెట్టులో ఒక సేట్ దగ్గర. రైతులు కన్నడలో, హమాలీలు ఉర్దూలో, కొనేవాళ్ళు రకరకాలుగా మాట్లాడతారు. నడుమ నేను. సేట్‌కు మేమందరం 'మద్రాసీలు'. ఆదోనివాడైనా, మదురైవాడైనా మద్రాసీనే. ఒకరోజు ఆయన్ని నేను "బొంబాయి సేట్" అని పిలిస్తే సాయంత్రం దాకా ముఖం ముడుచుకున్నాడు. ఆయనది మార్వాడ్ అట, అందులోనూ ఫలానా ఊరట, ఆ ఊళ్ళో ఫలానా వీధి అట. ఇది గుర్తుపెట్టుకోండి. ఎవడైనా తన గురించి ఇరుకు మాట వాడతాడు, పక్కవాడి గురించి వెడల్పు మాట వాడతాడు.

అయినా ఆ సేట్ మంచి బాసే. పనికిమాలిన బాసులు తప్పు చేస్తే తిడతారు. ఈయన నవ్వితే తిట్టేవాడు. ఆ కథ ఇది.

కోస్తా నుంచి ఒక నూలుమిల్లు మేనేజరు వచ్చినాడు. తెల్ల చొక్కా, మెడ చుట్టూ చేతిరుమాలు. కౌతాళం అవతల నుంచి వచ్చిన బసప్ప అనే రైతును పత్తి శాంపిల్ అడిగినాడు. బసప్పకు తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేది కన్నడ.

"నాళె నిమ్మ లాడ్జిగె బందు కొడ్తీని సార్," అన్నాడు వినయంగా.

రేపు మీ లాడ్జికి వచ్చి ఇస్తానని దానికి అర్థం. కన్నడలో కొడు అంటే ఇవ్వు. మేనేజరు చెవికి మాత్రం తెలుగే వినబడింది.

"లాడ్జికొచ్చి కొడతాడా? నేనేం చేశానండీ?" అన్నాడు నాతో.

ఆయన ముఖం చూసి, శాంపిల్ ఆలస్యమవుతుందని కోపం వచ్చిందేమో అనుకున్నాడు బసప్ప. "బేకాదరె ఈగలే కొడ్తీని!" అని సంచిలో చెయ్యి పెట్టినాడు. కావాలంటే ఇప్పుడే ఇస్తానని.

మేనేజరు పత్తి బేళ్ళ వెనక్కి పోయినాడు. నేను విడమరచి చెప్పాల్సింది పోయి కడుపు పట్టుకొని నవ్వుతాన్నాను. సేట్ వచ్చి, "నవ్వేదానికి మనిషి కావాలంటే సర్కస్ నుంచి తెచ్చుకుంటా. నువ్వు మాట చెప్పేవాడివి, ముందు మాట చెప్పు, తర్వాత ఇంటికిపోయి నవ్వుకో!" అని దులిపినాడు.

ఆ రోజు నేర్చుకున్నది ఏమంటే, దూరపు భాషతో ప్రమాదం లేదు. అది అర్థం కాదు, అంతటితో సరి. దగ్గర భాష అర్థమైనట్టే ఉంటుంది. అక్కడే కొంప మునుగుతుంది.

కంపెనీకి విరేచనాలు

ఇక అసలు సంగతి. ఇది మొన్నమొన్నటిది, నేను గదికి తాళం వేసే ముందు చూసిన పెద్ద కేసు.

ఒక మధ్యాహ్నం కోసిగి నుంచి మార్తమ్మ వచ్చింది. కూలిపనులకు పోయే మనిషి. భర్త ఏసేపు సెంట్రింగ్ మేస్త్రీ. వానలు మొహం చాటేస్తే మొగుడూ పెండ్లాలు ఇద్దరూ పొట్ట చేతపట్టుకొని బెంగళూరుకో గుంటూరు మిరప చేన్లకో పోయేవాళ్ళు. పోయినేడాది ఒక ఏజెంటు ఏసేపును క్రొయేషియా అనే దేశానికి పంపినాడు, ఇండ్లు కట్టే పనికి. ఆ ఏజెంటు కూడా ఆమె వెంటే వచ్చినాడు. పేరు సుంకన్న. చొక్కా జేబులో రెండు ఫోన్లు, రెండిట్లోనూ చార్జింగ్ ఉండదు.

"ఏం పనమ్మా?" అన్నాను.

"మన్నించమని సెప్పల్ల శెట్టన్నా. నువ్వు ఇంగ్లీసులో సెప్పు. హైదరాబాదులో ఎవరో ఉండాడంట, ఆయన దాన్ని వాళ్ళ బాసలోకి మారుస్తాడంట."

"ఎవరిని మన్నించమనల్ల?"

"మా ఆయన పనిచేసే సావుకారిని."

"దేనికి?"

మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. సుంకన్న నా చెవి దగ్గరికొచ్చి, "విరేచనాలప్పా," అన్నాడు.

"ఎవరికి?"

"కంపెనీకి."

నా సర్వీసులో కంపెనీలు మునగడం విన్నాను, వేలానికి రావడం విన్నాను. విరేచనాలు పట్టుకోవడం అదే మొదలు.

కుదురుగా అడిగితే సంగతి బయటపడింది. ఏసేపు పర్మిట్ ఇంకో రెండేళ్ళు పొడిగించాలని అక్కడి సావుకారికి ఆశ. "మా ఇంటామె ఊ అంటేనే" అన్నాడట ఏసేపు. అప్పుడా సావుకారి, నేనే ఆమెతో మాట్లాడతానని, తన సొంత భాషలో వీడియో తీసి సుంకన్నకు పంపినాడు. ఆదివారం లోపల జవాబు చెప్పాలి. సుంకన్న దాన్ని హైదరాబాదులో అనువాదాలు చేసే ఆఫీసుకు పంపితే, వాళ్ళు ఒక నిపుణుణ్ణి వెదికి అర్థం రాయించి పంపినారు. మూడు వాక్యాలు.

ఒకటి, ఏసేపు హానికరమైన పనివాడు.

రెండు, అతను మా కంపెనీకి విరేచనాలు.

మూడు, ఇక్కడే ఉంటే అతని పొట్ట బాగవుతుంది.

"కారం నేనే పంపినా శెట్టన్నా," అన్నది మార్తమ్మ. కండ్లలో నీళ్ళు. "మా ఊరాయన ఒకడు ఆడికి పోతాంటే డబ్బా నిండా దంచి ఇచ్చినా. సెలవు దినం అందరికీ వండి పెడతాడంట ఈయన. నా కారమే తినిపించినాడు. దొరలకు తట్టుకుంటాదా? అందరికీ కడుపులు సెడిపోయినాయి, ఈయప్పకు గూడా. ఆసుపత్రిలో పెట్టినట్టుండారు. అందుకే గదా, ఈడే ఉంటే పొట్ట బాగయితాదని రాసింది!"

"ఫోన్ చేసి అడగలేదా?"

"అడగకుండా ఉంటానా? కారం తిన్నారా అంటే, అందరూ తిన్నారు, కండ్లల్లో నీళ్ళు పెట్టుకున్నారు అని నవ్వినాడు. కడుపులెట్లుండాయి అంటే, ఎవరి కడుపులే అన్నాడు. మీ అందరివీ అంటే, బాగనే ఉండాయిలే అన్నాడు."

"మరి బాగున్నట్టే గదమ్మా."

"ఆయప్ప మాట నమ్మేదానికి ల్యా అన్నా. బెంగుళూరులో గోడకు కట్టిన సారువ మీదనుంచి పడి సెయ్యి ఇరిగింది. నేను పండక్కి ఊరికొచ్చింటి. రోజూ ఫోన్లో బాగనే ఉండానంటాడు, కట్టు కట్టిన సెయ్యి ఎనక పెట్టుకొని, మంచి సేత్తో ఫోన్ పట్టుకొని! మూన్నెళ్ళకు నేను కండ్లతో సూసిందాకా తెలీలేదు. ఇప్పుడు దేశంగాని దేశం. యాడని పోయి సూడను? అందుకే వద్దనుకున్నా. మన్నించమని సెప్పి, మనిషిని పంపియ్యమని సెప్పు. ఇంగ సాలు."

ఇక్కడ ఆగి ఆలోచించండి. తప్పు అనువాదం అతుకుల బొంతలా ఉంటే భయం లేదు, ఎవరైనా పట్టుకుంటారు. ఇది మాత్రం దర్జీ కుట్టినట్టు సరిపోయింది. హాని, విరేచనాలు, పొట్ట, కారం డబ్బా. ఎక్కడా దారం కనబడదు. అంత చక్కగా సరిపోయేసరికి నాకు మా నాయన గొంతు వినబడింది, పట్టు జాతేనమ్మా అని.

ఏ స్లావోనిక్?

"సుంకన్నా, ఆ సావుకారిది ఏం భాషప్పా?"

"స్లావోనిక్."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరో సెప్పేదేముంది శెట్టీ, అడ్రసులోనే ఉందే. స్లావోనియా అని. స్లావోనియాలో స్లావోనిక్ గాక ఏం మాట్లాడతారు?"

ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూసినాను. స్లావోనియా వేరే దేశం కాదు. క్రొయేషియా లోపలే, తూర్పు దిక్కున, ఒక సీమ.

"నీది ఏ ఊరు సుంకన్నా?"

"కోసిగి గదా."

"ఏ సీమ?"

"రాయలసీమ."

"అయితే నువ్వు మాట్లాడేది రాయలసీమిక్ అనే భాషా?"

"నీ తల! తెలుగు."

"ఆడ గూడ అంతేనప్పా. స్లావోనియా సీమ పేరు. వాళ్ళు మాట్లాడేది క్రొయేషియన్."

"మరి స్లావోనిక్ అని ఒకటుందంట గదా? హైదరాబాదు వాళ్ళు ఉందన్నారే!"

"ఉంది. ఎట్లుందంటే, ద్రావిడం ఉన్నట్టుంది. తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం, వీటన్నిటికీ కలిపి ఇంటిపేరు ద్రావిడం. అట్లే రష్యన్, పోలిష్, చెక్, బల్గేరియన్, క్రొయేషియన్, వీటన్నిటికీ ఇంటిపేరు స్లావోనిక్. స్లావిక్ అని కూడా అంటారు. నీకు ద్రావిడం వచ్చునా?"

"ఇప్పుడు మాట్లాడ్తాండేది ఏంది మరి?"

"అయితే తమిళ పేపరు తెప్పిస్తా, చదువు."

సుంకన్న తల గోక్కున్నాడు. ఫోన్‌లో కూడా ప్రయత్నం చేసినాడట పాపం. అనువాదం చేసే యాప్‌లో స్లావోనిక్ అని వెదికితే దొరకలేదు. దొరకదు. ద్రావిడం అని వెదికినా దొరకదు. ఇంటిపేరుతో ఎవరూ మాట్లాడరు. అప్పుడు కంటికి దగ్గరగా కనబడిన స్లోవాక్‌ను నొక్కినాడు, అది ఇంకో దేశం, ఇంకో భాష. ఆ యాప్ ఏదో గొణిగి ఊరుకున్నది. దాన్ని మెచ్చుకోవాలి. అర్థం కానప్పుడు గొణిగి ఊరుకోవడం మనుషులకు చేతకాదు.

హైదరాబాదు నిపుణుడికి ఫోన్ చేయించినాను. బేరానికి పోయినప్పుడు ముందు సరుకును పొగడాలి.

"నాయనా, స్లావోనిక్‌లో మీరు దిట్ట అని ఇక్కడ కోసిగి దాకా పేరు పాకింది," అన్నాను.

"ఏదో, మీ అభిమానం అంకుల్," అన్నాడు. గొంతు చూస్తే ముప్పై లోపలే.

"ఏ స్లావోనిక్ నాయనా?"

"అంటే... అన్నీ ఒకటే అంకుల్. ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టే."

"ఆ వచ్చిన ఒకటి ఏది?"

"ఆ జాతిదే అంకుల్."

"జాతి వద్దు నాయనా. పట్టే ఇయ్యి," అన్నాను.

"ఏంటి అంకుల్?"

"నీకొచ్చిన భాష ఏది?"

"రష్యన్."

"యాడ నేర్చినావు?"

"డాక్టరీ చదవడానికి వెళ్ళాను అంకుల్. రెండేళ్ళు చదివి వచ్చేశాను, చలి పడలేదు."

"అందుకేనా నాయనా, ఎటు చూసినా కడుపే కనబడింది నీకు?"

పిల్లవాడు నవ్వేసినాడు. మోసగాడు కాదు. వీడియోలో విన్న మాటలు ఏవో చెప్పమంటే దాచకుండా చెప్పినాడు. వ్రియెదన్ అన్నాడు అంకుల్, రష్యన్‌లో వ్రెద్నీ అంటే హాని చేసేది. పొనోస్ అన్నాడు, రష్యన్‌లో అది విరేచనాలే, నేను ఒట్టేసి చెప్తాను. జివోత్ అన్నాడు, అంటే పొట్ట. ఇవి పరీక్షలో వచ్చిన మాటలు అంకుల్, ఎట్లా మర్చిపోతాను?

చూసినారా? ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు. సుంకన్న స్లావోనియా అన్నాడు, నిజమే. హైదరాబాదువాళ్ళు స్లావోనిక్ వచ్చినవాణ్ణి వెదికినారు, రష్యన్ స్లావోనిక్కే. పిల్లవాడు రష్యన్ లెక్కన సరిగ్గానే చెప్పినాడు. నిజాలన్నీ వరసగా నిలబడి మార్తమ్మ కారం డబ్బా మీద కేసు పెట్టినాయి.

ఇప్పుడు నా సంగతి. తప్పు పట్టినాను సరే, ఒప్పు ఏదో నాకు తెలుసా? నాకు క్రొయేషియన్ ఒక్క ముక్క రాదు. అయినా సర్వం తెలిసినట్టు గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాను. తెలియదని చెప్పడం తేలిక. తెలియనప్పుడు ముఖం ఎట్ల పెట్టాలో, దానికే మేం ఫీజు తీసుకునేది.

మీసం

"వీడియో కాల్ చెయ్యమ్మా," అన్నాను మార్తమ్మతో. మనకు మధ్యాహ్నమైతే వాళ్ళకు పొద్దున, పనివేళ.

ఏసేపు తెరమీదికి వచ్చినాడు. పచ్చ టోపీ, వెనక సగం లేచిన గోడ. భార్య పక్కన నన్ను, సుంకన్నను చూసి హడలిపోయినాడు.

"ఏమైందే? ఎవరన్నా పోయినారా?"

"ఎవరూ పోలా. నీ సేతులు సూపించు."

"సేతులెందుకే?"

"సూపించప్పా!"

రెండు చేతులూ చూపించినాడు. సిమెంటు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు గాని ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

"ఏసేపూ, పొనోస్ అంటే ఏందప్పా?" అన్నాను.

"నాకు పని మాటలే వచ్చు శెట్టన్నా. నీళ్ళు, ఇటుక, పైకి, కిందికి, సాలు, రేపు. ఆ మాట మా పనిలో రాదే."

"మీ సావుకారి ఉన్నాడా?"

ఉన్నాడు. పిలుచుకొచ్చినాడు. అరవై దాటిన మనిషి, తాటి మాను మాదిరి, మూతి మీద తెల్లటి బుర్ర మీసాలు. నేను నమస్కారం పెట్టి "పొనోస్?" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. సరే, దుబాసికి భాష రాకపోతే ఒళ్ళుంది గదా అని లేచి నిలబడి, రెండు చేతులతో పొట్ట పట్టుకొని, వంగి, ముఖం వికారంగా పెట్టి, గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు అర్జెంటుగా నడిచినాను. తిరిగి వచ్చి "పొనోస్?" అన్నాను.

ఆ మహానుభావుడు నన్ను కాసేపు తేరిపార చూసినాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టినాడు. ఎంత నవ్వినాడంటే ఏసేపు ఆయన్ని గోడకు ఆనించి పట్టుకోవలసి వచ్చింది. మా సేట్ ఉండుంటే దులిపేవాడు.

"నే, నే!" అన్నాడు కండ్లు తుడుచుకుంటూ. వద్దు వద్దు అన్నట్టు చెయ్యి ఊపినాడు. నిటారుగా నిలబడినాడు. గుండె మీద గుద్దుకున్నాడు. ఒక పక్క మీసం మెలి తిప్పినాడు. రెండో పక్క కూడా తిప్పినాడు. తర్వాత ఏసేపు భుజం మీద ఫట్టున చరిచి, "పొనోస్!" అన్నాడు.

మీసం తిప్పడానికి మా సీమలో దుబాసి అక్కర్లేదు.

"ఓయమ్మా!" అన్నది మార్తమ్మ. "గర్వం! మా ఆయన్ని సూసి మీసం తిప్పుతాండాడు!"

"అంటే విరేచనాలు ల్యా?" అన్నాడు సుంకన్న, కొంచెం నిరాశగా.

"వ్రియెదన్?" అన్నాను. ఆయన ఏసేపు అరచేయి పట్టుకొని తెరకు దగ్గరగా పెట్టినాడు. అరచేతినిండా కాయలు. వాటిమీద వేలితో తట్టి, తలాడించినాడు. హాని కాదు, కష్టజీవి.

ఏసేపు తల వంచుకున్నాడు. ఏడాది నుంచి ఆయన దగ్గర పనిచేస్తాన్నాడు గానీ ఈ రెండు మాటలు తనకు ఎవరూ చెప్పలేదు. సైటులో అవసరం పడని మాటలు మరి.

"ఇంగ పొట్ట ఒకటి మిగిలింది," అన్నాడు సుంకన్న. "జివోత్."

"అది నాకు తెలుసు," అన్నాడు ఏసేపు. "పొద్దున కాఫీ తాగేటప్పుడు గోడమీద కూసోని జివోత్, జివోత్ అని నిట్టూరుస్తాంటాడు ఈయన. బతుకు అన్నా. బతుకు."

ఇక్కడే ఉంటే అతని బతుకు బాగవుతుంది. అదీ మూడో వాక్యం.

నా పెద్దరికం చూపించుకోవడానికి ఇదే సమయమని గొంతు సవరించుకున్నాను. "చూడు మార్తమ్మా, ఇదే స్లావోనిక్‌కూ క్రొయేషియన్‌కూ తేడా. ఇల్లు ఒకటే, వాటాలు వేరు. ఒకే మాట. రష్యావాడి వాటాలో దానికి పొట్ట అని అర్థం. క్రొయేషియావాడి వాటాలో బతుకు అని..."

"రెండూ ఒకటే గదా శెట్టన్నా," అన్నది ఆమె.

"అట్ల కాదమ్మా..."

"పొట్టకు గాకుంటే ఈయప్ప కోసిగి ఇడిసి ఆడికి యాల పోయినాడు?"

 నేను చెంబెత్తి నీళ్ళు తాగినాను.

బేరం

పొడిగింపుకు ఊ అన్నదా అంటే, ఊరికే అనలేదు. మా నాయన దగ్గర చీర కొన్న ఆ ముసలామెకు ఈమె చుట్టమేమోనని నా అనుమానం.

"రెండేండ్లకు ఒప్పుకుంటా. నడుమన ఒకసారి పంపల్ల. ఇంగొకటి. బాగనే ఉండానని ఈయప్ప సెప్తే నేను ఇనను. ఆ మీసాలాయనే సూపించల్ల. ప్రతి ఆదివారం. రెండు సేతులూ."

దీన్ని ఏ భాషలో చెప్పాలా అని నేను ఆలోచిస్తాండగానే ఆమె తెరకు దగ్గరగా జరిగి, తన రెండు చేతులూ పైకెత్తి, ముందుకూ వెనక్కూ తిప్పి చూపించింది. ఏసేపు వైపు వేలు పెట్టింది. తన కన్ను చూపించుకుంది.

పెద్దాయన ఈసారి నవ్వలేదు. ఏసేపు రెండు మణికట్లూ పట్టుకొని పైకెత్తి, ముందుకూ వెనక్కూ తిప్పినాడు. తన గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

బేరం కుదిరింది. నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. మంచి దుబాసి పని అయిపోయేసరికి నడుమ ఎవరూ లేనట్టే ఉండాలని మీకు చెప్పేదే గదా, అది నాకు అంత ఘనంగా ఇంకెప్పుడూ జరగలేదు.

కాబట్టి పిల్లలూ, ఎవరైనా నాకు ఫలానా భాష వచ్చునంటే, ఏ ఫలానా అని అడగండి. మొహమాటపడితే ఈ పనికి రావద్దు, బ్యాంకు పరీక్షలు రాసుకోండి. వినగానే సులభంగా అర్థమైన మాటను ఇంకోసారి అడగండి. అర్థం సరిగ్గా సరిపోయిందని ముచ్చట పడేటప్పుడు, ఎవరి కారం డబ్బా మీద నేరం పోతాందో చూసుకోండి. నేను సుంకన్నకు కూడా ఇదే చెప్పినాను. ఆయన బుద్ధిగా విని, తన ఆఫీసు బోర్డు మీద 'అన్ని స్లావోనిక్ భాషలకు సంప్రదించండి' అని రాయించుకున్నాడు.

ఏసేపు సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దరూ నన్ను చూడటానికి ఎమ్మిగనూరు వచ్చినారు. తిరిగి పోయేటప్పుడు సావుకారికి ఇవ్వమని మార్తమ్మ ఇంకో డబ్బా కారం దంచుతాందట, ఆయనే అడిగినాడట. ఏసేపు గుమ్మంలోకి వస్తూనే, నమస్కారం పెట్టబోయి, ఆదివారాల అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తి ముందుకూ వెనక్కూ తిప్పి నాకు చూపించినాడు.

మార్తమ్మ ఆ చేతుల మీద ఒకటేసింది. "సేతులు సాల్లే. అన్నకు సూపించాల్సింది అది గాదు," అని చొక్కా గుండీలు తెంపుకునేట్టు ముందుకొచ్చిన వాళ్ళాయన పొట్ట మీద అరచేత్తో తట్టింది.

"సూడు శెట్టన్నా. ఆ హైదరాబాదు పిల్లోడు సెప్పిందాంట్లో ఒకటి మాత్రం నిజమే అయింది."